పియానో లోపలి ఇనుప చట్రం



పియానో అనగానే నలుపు తెలుపు మెట్లు, నిగనిగలాడే చెక్క పెట్టె గుర్తొస్తాయి. ఆ పెట్టె మూత ఎత్తి లోపలికి తొంగిచూసినవాళ్లు మనలో తక్కువ. చూసినవాళ్లకు తీగల కింద బంగారు రంగులో పెద్ద లోహపు చట్రం ఒకటి కనబడుతుంది. దాని మీద ఉబ్బెత్తు అక్షరాలతో కంపెనీ పేరు ఉంటుంది. చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు. నిజానికి పియానోలో అన్నిటికన్నా ఎక్కువ భారం మోసేది ఆ చట్రమే. పియానోలు శ్రుతి చేయడం, బాగుచేయడం నా వృత్తి. పాత పియానోలో ఈ చట్రాన్ని ఎలా శుభ్రం చేయాలి, ఎప్పుడు రంగు వేయాలి, ఎప్పుడు అసలు ముట్టుకోకూడదు అన్న సంగతులు ఈ పూట మీతో చెప్పాలని వచ్చాను.

ముందు భారం లెక్క చూద్దాం. మామూలు పియానోకు 88 మెట్లుంటాయి. మంద్రస్థాయి చివర్న మెట్టుకొక తీగ, కొంచెం పైకి వస్తే రెండేసి, ఆ పైన మూడేసి తీగలుంటాయి. అన్నీ కలిపితే రెండు వందల ఇరవైకి పైనే. శ్రుతిలో ఉన్న ఒక్కో తీగ సుమారు 70, 80 కిలోల బలంతో లాగుతూ ఉంటుంది. మొత్తం మీద ఆ లాగుడు 16 నుంచి 20 టన్నులు. ఎవరూ వాయించకపోయినా, పియానో మూతపడి ఏళ్ల తరబడి మూలనున్నా ఆ లాగుడు రాత్రీ పగలూ ఆగదు. దాన్ని తట్టుకుని నిలబడేది ఆ బంగారు రంగు చట్రం. పెద్ద కచేరీ పియానోల్లో ఈ చట్రం ఒక్కటే సుమారు 150 కిలోలు తూగుతుంది.

మొదట్లో పియానోకు ఇనుప చట్రం లేదు. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో బార్తలోమియో క్రిస్టోఫోరి చేసిన తొలి పియానోల్లో భారమంతా చెక్కే మోసింది. ఆయన 1720లో చేసిన పియానో ఒకటి ఇప్పటికీ న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. అప్పటి తీగలు సన్ననివి, లాగుడు తక్కువ, నాదమూ మెత్తన. పందొమ్మిదో శతాబ్దానికి కచేరీ హాళ్లు పెద్దవయ్యాయి. చివరి వరుసకు వినబడాలంటే తీగ లావెక్కాలి, బిగువు పెరగాలి. ఆ బిగువుకు చెక్క వంగిపోయేది.

అమెరికాలో దీనికి వాతావరణం కూడా తోడైంది. బోస్టన్‌లో ఎండాకాలం ఉక్కపోత, చలికాలం ఎముకలు కొరికే పొడి చలి. ఉక్కకు చెక్క ఉబ్బుతుంది, పొడికి కుంచించుకుపోతుంది. శ్రుతి నిలిచేది కాదు. అదే ఊళ్లో పియానోలు చేసే ఆల్ఫియస్ బాబ్‌కాక్, మొత్తం చట్రాన్ని ఒకే ముక్కగా ఇనుముతో పోత పోసి, 1825 డిసెంబరులో పేటెంటు తీసుకున్నాడు. బోస్టన్‌లోనే జోనస్ చికరింగ్ ఆ ఆలోచనను ముందుకు తీసుకెళ్లి 1840లోనూ, 1843లోనూ మరిన్ని పేటెంట్లు పొందాడు. యూరప్‌లోని తయారీదారులు చాలాకాలం సందేహించారు. ఇనుము చేరితే నాదం పాడవుతుందని వాళ్ల భయం. చెక్క చట్రానికే ఇనుప కడ్డీలు బిగించి సరిపెట్టుకున్నారు. 1859లో న్యూయార్క్‌లో హెన్రీ స్టైన్‌వే జూనియర్ గ్రాండ్ పియానోలో మంద్రపు తీగలను మిగతావాటి మీదుగా ఏటవాలుగా నడిపి, ఆ అమరికకు తగిన ఇనుప చట్రంతో పేటెంటు పొందాడు. 1867లో పారిస్ ప్రదర్శనలో స్టైన్‌వే, చికరింగ్ పియానోలు బంగారు పతకాలు గెలిచాక సందేహాలు చాలావరకు సద్దుమణిగాయి. ఇప్పుడు ఇనుప చట్రం లేకుండా కొత్త పియానో తయారవుతోందంటే అది పాతకాలపు వాద్యానికి నకలే అయివుంటుంది.

ఈ చట్రం ఉక్కుది కాదు, పోత ఇనుముది. ఇసుక మూసలో కరిగిన ఇనుము పోసి చేస్తారు. అందులో మూడు శాతానికి పైగా కార్బన్ ఉంటుంది. ఆ కార్బన్‌లో ఎక్కువ భాగం సన్నని గ్రాఫైట్ రేకులుగా ఇనుములో పరుచుకుని ఉంటుంది. దానివల్ల రెండు గుణాలొస్తాయి. ఒకటి, చట్రం తనంతట తాను గణగణమని మోగదు. కంపనాన్ని తనలోనే అణుచుకుంటుంది. అందుకే తీగల నాదంలో ఇనుప మోత కలవదు. రెండోది, నొక్కుడుకు బ్రహ్మాండంగా తట్టుకుంటుంది గానీ, వంచినా దెబ్బ తగిలినా పుటుక్కున విరుగుతుంది. సుద్దముక్కను రెండు కొసలా పట్టుకుని నొక్కితే ఏమీ కాదు, వంచితే రెండు ముక్కలు. ఇదీ అలాంటిదే. తీగలు రెండు కొసలనూ దగ్గరికి లాగుతాయి కాబట్టి చట్రం మీద పడేది ఎక్కువగా నొక్కుడే. అందుకే వందేళ్లు దాటినా చెక్కుచెదరదు. లారీలోంచి దించేటప్పుడు జారిపడితే మాత్రం, లేదా తీగలు ఒక పక్కవి వదులై మరో పక్కవి బిగువుగానే ఉండిపోతే, బీట వారే ప్రమాదముంది. బీట వారిన చట్రాన్ని అతికించడం చాలా కష్టమైన పని. మామూలు వెల్డింగ్ వేస్తే ఆ వేడికి పక్కనే మరో బీట పుడుతుంది.

ఇక ఆ బంగారు రంగు సంగతి. ఇసుక మూసలోంచి వచ్చిన ఇనుము గరుకుగా ఉంటుంది. దాని మీద లప్పం పట్టించి, ఉప్పుకాగితంతో రుద్ది నున్నగా చేస్తారు. ఆ పైన వేసేది బంగారం కాదు. రాగి, జింకు కలిసిన మిశ్రమలోహాన్ని సన్నని రేకుల్లా పొడి చేసి వార్నిషులో గానీ లాకర్‌లో గానీ కలిపి పూస్తారు. దాన్నే బ్రాంజ్ పౌడర్ అంటారు.

ఈ పొడి వెనక చెప్పుకోదగ్గ చరిత్ర ఉంది. ఒకప్పుడు దీన్ని జర్మనీలో చేతిపనిగా చేసేవారు. ధర విపరీతం. ఇంగ్లండులో హెన్రీ బెస్సిమర్ అనే యువకుడు తన అక్క గీసిన పూల బొమ్మల ఆల్బం మీద అక్షరాలు రాయడానికి కొంచెం బ్రాంజ్ పౌడర్ కొనబోయి ఆ ధర విని ఆశ్చర్యపోయాడు. యంత్రాలతో ఎందుకు చేయకూడదని పట్టుబట్టి 1840ల్లో సాధించాడు. పేటెంటు తీసుకుంటే కిటుకు బయటపడుతుందని దాన్ని రహస్యంగా ఉంచి, నమ్మకస్తులైన బంధువులతో ఫ్యాక్టరీ నడిపాడు. దానిమీద వచ్చిన డబ్బే తర్వాత ఆయన ప్రయోగాలకు ఆసరా అయింది. 1856లో ప్రపంచానికి చౌకగా ఉక్కు చేసే పద్ధతి చూపించింది ఆ బెస్సిమరే.

బ్రాంజ్ పౌడర్‌లో రాగి ఉంది కాబట్టి గాలి, తేమ తగిలితే చిలుము పడుతుంది. అది జరగకుండా పైన రంగులేని లాకర్ పూత ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పూత అరుగుతుంది, పగుళ్లిస్తుంది. అక్కడక్కడా చట్రం గోధుమ రంగుకో పచ్చరంగుకో తిరుగుతుంది. పైగా దుమ్ము, ఎలుకల గూళ్లు, చెదలు, చిమ్మటలు తిన్న ఫెల్టు గుడ్డ పొడి. ఎలుక మూత్రం పడ్డచోట తీగలూ, తీగలు తగిలించే పిన్నులూ తుప్పు పట్టిపోతాయి. మూత తీసి ఇదంతా చూసిన యజమానికి వెంటనే కొత్త రంగు వేయించాలనిపిస్తుంది. సరిగ్గా ఇక్కడే ఆగాలని నా మనవి.

పాత పియానోల్లో నూటికి తొంభై వాటికి చట్రం బయటికి తీయనక్కర్లేదు, రంగూ అక్కర్లేదు. ఉన్నచోటనే శుభ్రం చేస్తే చాలు. గోడకు ఆనించే పియానో అయితే పై మూత ఎత్తి, లోపలి గొళ్లేలు తిప్పితే ముందు పలక ఊడివస్తుంది. కాళ్ల దగ్గరి పలకను స్ప్రింగు క్లిప్పు పట్టుకుని ఉంటుంది, దాన్ని పైకి నొక్కితే అదీ వస్తుంది. సుత్తుల అమరికను మాత్రం తెలిసినవాళ్లే బయటికి తీయాలి. మెత్తటి పెయింటు బ్రష్షుతో దుమ్మును కదిలిస్తూ, పక్కనే వాక్యూమ్ క్లీనర్ గొట్టం పట్టుకుని పీల్చేయాలి. పైనుంచి కిందికి రావాలి. దుమ్ము పోయాక, ఒక్క చుక్క తేలిక సబ్బు కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి, చుక్క కారనంతగా పిండి, చట్రం మీద తుడవాలి. వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టాలి. ముందుగా ఎవరికీ కనబడని మూల ఒక చోట పరీక్షించి చూడాలి. గుడ్డకు బంగారు పొడి అంటుకుంటే పైపూత పోయిందని అర్థం. ఇక తుడవడం ఆపేసి దుమ్ము దులపడంతో సరిపెట్టుకోవాలి. స్పిరిటు వాడొద్దు. పాత పూతల్లో లక్క ఉంటే స్పిరిటుకు కరిగిపోతుంది. తీగలను వేళ్లతో ముట్టుకోవద్దు. చేతి చెమట చాలు, వాటికి తుప్పు పట్టడానికి.

చట్రం రంగు గోధుమ రంగుకు తిరిగినంత మాత్రాన పియానోకు వచ్చిన నష్టమేమీ లేదు. నాదం తగ్గదు, బలం తగ్గదు. రుద్ది రుద్ది దాన్ని పోగొట్టాలని చూస్తే చిలుముతో పాటు బంగారు పూత కూడా ఊడి కింది లప్పం బయటపడుతుంది.

మరి చట్రాన్ని ఎప్పుడు తీయాలి? తీగలన్నీ మార్చాల్సి వచ్చినప్పుడు, నాదాన్ని పెంచే చెక్క పలక, అంటే ధ్వనిఫలకం, పగిలినప్పుడు, తీగలు బిగించే బిరడలు దిగేసిన చెక్క పట్టు వదిలేసి శ్రుతి నిలవనప్పుడు. అలాంటి పెద్ద మరమ్మతుకు పియానోను విప్పినప్పుడు చట్రం ఎలాగూ బయటికొస్తుంది. వంద ఏళ్లకోసారి వచ్చే అవకాశమది. రంగు వేయడానికి అదే తగిన సమయం.

ఆ పని కొలతలతో మొదలవుతుంది. ధ్వనిఫలకానికి చట్రం ఎంత ఎత్తులో ఉందో నాలుగైదు చోట్ల కొలిచి రాసుకుంటాం. ప్రతి తీగ మందం మైక్రోమీటరుతో చూసి నమోదు చేస్తాం. ఫొటోలు తీస్తాం. తర్వాత తీగలు వదులు చేయడం. ఇక్కడ తొందరపాటు పనికిరాదు. ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్తూ, కొన్ని తీగలు వదిలి కొన్ని చొప్పున, ఒక్కోదాన్ని కొంచెం కొంచెమే వదులు చేస్తాం. మళ్లీ మొదటికొచ్చి మరో వరుస. అలా భారం అన్నివైపులా సమంగా దిగాలి. ఒకే పక్క ఖాళీ చేస్తే అవతలి పక్క లాగుడు చట్రాన్ని మెలిపెడుతుంది.

మరలు తీసేటప్పుడు అట్టముక్క మీద చట్రం ఆకారం గీసుకుని, ఏ మర ఎక్కడిదో అక్కడే గుచ్చి పెడతాం. వందేళ్లుగా ఒక రంధ్రానికి అలవాటు పడ్డ మర ఆ రంధ్రానికే తిరిగి వెళ్లాలి. గ్రాండ్ పియానోలో చట్రం నడుమను ఆనించే బోల్టులు కొన్ని ఉంటాయి. వాటి ఎత్తు కదపకూడదు. ఆ తర్వాత చైన్ పుల్లీతో చట్రాన్ని నిదానంగా పైకి లేపి చెక్క స్టాండ్ల మీదికి దించుతాం.

ఇప్పుడు రంగు కన్నా ముఖ్యమైన పరీక్ష ఒకటుంది. చెక్క సుత్తితో అక్కడక్కడా తట్టి చూస్తాం. బాగున్న ఇనుము ఒకలా పలుకుతుంది, బీట ఉన్న చోట మొద్దుగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట, ముఖ్యంగా కడ్డీలు చట్రంతో కలిసే మూలల్లో, రంగు తీసేసి ఎర్రటి ద్రవం పూస్తాం. కాసేపాగి తుడిచేసి తెల్లటి పొడి చల్లుతాం. బీట లేకపోతే తెలుపు తెలుపుగానే ఉంటుంది. ఉంటే, వెంట్రుక కన్నా సన్నని ఎర్ర గీత ఆ తెల్లపొడిలోకి మెల్లగా ఊరుతూ వస్తుంది. కంటికి ఆనని పగులు అలా పట్టుబడుతుంది. ఆ గీత కనబడితే రంగు డబ్బా మూత తీయాల్సిన పనిలేదు. ముందు ఆ పగులు సంగతి తేలాలి.

చట్రం గట్టిగా ఉందని తేలాక జిడ్డు తీయడం మొదలు. టర్పెంటైన్‌తో కడిగి, తుప్పు పట్టిన చోట్ల వైరు బ్రష్షుతో రుద్దుతాం. బాత్రూములు కడిగే యాసిడ్ వాడమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. అది పోత ఇనుము రంధ్రాల్లోకి ఇంకి, పైన రంగు వేశాక కూడా లోపల తుప్పు పుట్టిస్తూనే ఉంటుంది. పాత లప్పం గట్టిగా ఉన్నచోట దాన్ని అలాగే ఉంచి, ఊడినచోట మాత్రం కొత్తది పెట్టి ఉప్పుకాగితంతో సాపు చేస్తాం. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి రుద్దేటప్పుడు మాస్కు తప్పనిసరి, తడిపి రుద్దితే ఇంకా మంచిది. తీగలు తగిలించే పిన్నులకు ఒక్కోదానికి చిన్న రబ్బరు గొట్టం ముక్క తొడుగుతాం. తీగలు దూరి వెళ్లే ఇత్తడి ముక్కలకు టేపు చుడతాం. తీగ ఆనే చోట రంగు పడితే నాదం మసకబారుతుంది.

ప్రైమర్ ఆరాక బంగారు లాకర్ వంతు. లోహపు పొడి బరువుకు అడుక్కి దిగుతుంది కాబట్టి కలుపుతూనే ఉండాలి. స్ప్రే గన్ ఒకే దూరంలో, ఒకే వేగంతో కదలాలి. పల్చటి పూతలు కొన్ని, మధ్యలో ఆరే వ్యవధి. ఈ రంగుకు అతుకు వేయడం కుదరదు. ఒకచోట తప్పితే ఆ మేర మొత్తం మళ్లీ కొట్టాల్సిందే. ఆ తర్వాత రంగులేని లాకర్ రెండు మూడు పూతలు. చిలుముకు అడ్డు అదే.

చివరి పని అక్షరాలు. పోతలోనే ఉబ్బెత్తుగా వచ్చిన కంపెనీ పేరుకు, ఊరు పేరుకు నల్ల ఎనామిల్ వేయాలి. సన్నని కుంచెకు రంగు అంటీ అంటనట్టు అద్ది, అక్షరం తల మీద మాత్రమే నడపాలి. రంగు ఎక్కువైతే అంచు దాటి బంగారం మీదికి జారుతుంది. జారిన వెంటనే గుడ్డ కొసతో తుడవకపోతే మరక మిగిలిపోతుంది. ఊపిరి బిగబట్టి చేసే పని ఇది. అక్కడే ఎక్కడో చట్రం మీద పియానో వరస నంబరు కూడా ఉంటుంది. పియానో ఏ సంవత్సరానిదో తేల్చేది చాలాసార్లు ఆ నంబరే. దాన్ని లప్పంతో పూడ్చేస్తే వాద్యం పుట్టిన తేదీని చెరిపేసినట్టే.

మన ప్రాంతాల్లో ఉన్న పాత పియానోల గురించి ఒక మాట. బ్రిటిష్ కాలంలో మద్రాసు, కలకత్తా, బొంబాయిలలోని వాద్యాల దుకాణాలు ఇంగ్లండు, జర్మనీల నుంచి పియానోలు తెప్పించి అమ్మేవి. మద్రాసులో 1842లో మిస్క్విత్ కంపెనీగా మొదలైన దుకాణం మ్యూసీ మ్యూజికల్ పేరుతో ఇప్పటికీ ఉంది. అలా వచ్చిన ఇంగ్లిషు పియానోల్లో కొన్నింటికి పూర్తి చట్రం ఉండదు. బిరడలుండే పైభాగం చెక్కతోనే ఉండి, ఇనుము అక్కడికి కిందే ఆగిపోతుంది. మన తీరప్రాంతపు ఉక్కపోతలో ఆ చెక్క పట్టు వదిలేయడం మామూలు. అలాంటి పియానోకు చట్రం రంగు మీద డబ్బు పెట్టే ముందు బిరడలు నిలుస్తాయో లేదో చూపించుకోవాలి.

ఒక ప్రార్థనామందిరంలో నేను చూసిన పియానోకు ఎవరో పెయింటరు తీగలు తీయకుండానే మధ్యలోంచి కుంచె దూర్చి బంగారు రంగు వేశాడు. మెరుపు బాగానే వచ్చింది. మంద్రపు తీగల రాగి చుట్ల మధ్య ఆ రంగు గడ్డకట్టి, మోగాల్సిన తీగ టకటకమనడం మొదలెట్టింది. బిరడలు కిర్రుమనకుండా ఉంటాయని నూనె కూడా చిమ్మారు. నూనె చెక్కలోకి దిగితే బిరడ ఇక పట్టు నిలపదు. రంగు, నూనె రెంటి ఖర్చూ కలిపినా కొద్ది వందలే. తీగలు, చెక్క మార్చాలంటే ఆ పియానో విలువకు మించిన ఖర్చు.

అందుకే ఈ పనిలో వరస మారకూడదు. ముందు భారం సంగతి చూడాలి, తర్వాతే బంగారం సంగతి. ఇరవై టన్నులు మోసే ఇనుము క్షేమంగా ఉందా, తీగలు సమంగా ఉన్నాయా, బిరడలు నిలుస్తున్నాయా అన్నవి తేలాకే రంగు ప్రస్తావన రావాలి. చరిత్ర విలువున్న అరుదైన పియానో అయితే పాత పూతను అలాగే ఉంచడం మరీ మంచిది. మసకబారిన అసలు పూతే దాని వయసుకు సాక్ష్యం. మ్యూజియంలు కూడా అదే పాటిస్తాయి.

మీ బడిలోనో, చర్చిలోనో, తాతల నాటి ఇంట్లోనో ఒక పాత పియానో ఉంటే దయచేసి దాన్ని పాత ఇనుము లెక్కన తూకానికి అమ్మేయకండి. తడి గోడకు దూరంగా, ఎండ నేరుగా పడని చోటికి జరపండి. మూత తీసి వాక్యూమ్ క్లీనర్‌తో దుమ్ము తీసేయండి. చట్రం మీది నంబరు రాసి పెట్టుకోండి. రంగు వేసేవాణ్ణి పిలిచే ముందు శ్రుతి చేసేవాణ్ణి పిలవండి. చట్రం గట్టిగా ఉన్న పియానోకు ఇంకా ఎన్నో ఏళ్ల ఆయువుంది.